ఎల్‌-132 ఊపిరితిత్తి కణం కాదా? ఏ549 మీద జెఫిటినిబ్ ఎందుకు పనిచేయలేదు?

తెనాలి_ఫ్లాస్క్

నమస్కారం అండీ. గుంటూరు వైపు ఒక యూనివర్సిటీలో బయోటెక్నాలజీ పీహెచ్‌డీ చేస్తున్నాను. నేలవేము ఆకు మిథనాల్ ఎక్స్‌ట్రాక్ట్ నా టాపిక్. క్యాన్సర్ కణాలుగా ఏ549, నార్మల్ ఊపిరితిత్తి కణాలుగా ఎల్‌-132 తీసుకుని ఎంటీటీ (బతికున్న కణాలు ఎన్నో రంగుతో చెప్పే పరీక్ష) చేశాను. రెండిటికీ ఐసీ50 (సగం కణాలని ఆపే డోస్) లెక్కకట్టి, నార్మల్ కణాలని వదిలి క్యాన్సర్ కణాలని ఎంత ఎక్కువ చంపుతుందో చూపే సెలెక్టివిటీ ఇండెక్స్ అని ఒక టేబుల్ వేశాం.

ప్రీ-సబ్మిషన్ సెమినార్‌కి బయటి నుంచి వచ్చిన ఎక్స్‌పర్ట్ మేడమ్ సరిగ్గా ఆ టేబుల్ దగ్గర ఆపి, "ఎల్‌-132 ఊపిరితిత్తి కణమని మీకెవరు చెప్పారమ్మా?" అని అడిగారు. పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇచ్చిన వయల్ అది. మూత మీద మార్కర్‌తో "ఎల్‌-132 నార్మల్ లంగ్" అని రాసి ఉంది. దాన్ని వాడిన పేపర్లు కూడా బోలెడు చూశాను. అవన్నీ తప్పేనా?

రెండో సంగతి. పాజిటివ్ కంట్రోల్‌గా (పనిచేస్తుందని ముందే తెలిసిన మందుగా) జెఫిటినిబ్ పెట్టాం, లంగ్ క్యాన్సర్ మందే కదా అని. 1 మైక్రోమోలార్ దాకా పెంచినా ఏ549 కణాలు చెక్కుచెదరలేదు. మందు పాడైందేమోనని కొత్త స్టాక్ కలిపాను, మళ్లీ అంతే. గ్రాఫ్‌లో మాత్రం మా ఎక్స్‌ట్రాక్ట్ జెఫిటినిబ్ కన్నా బాగా పనిచేసినట్టు కనిపిస్తోంది. సార్ దాన్నే హైలైట్ చేయమంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

ఇంకో విచిత్రం కూడా ఉంది. అన్నిటికన్నా ఎక్కువ డోస్‌లో వయబిలిటీ (బతికున్న కణాల శాతం) ఇంకా తగ్గాలి కదా, కాస్త పెరిగింది!

నార్మల్ కణాలుగా ఇప్పుడు ఏవి కొనాలి? బడ్జెట్ దాదాపు అయిపోయింది. ఒక్క సెల్ లైన్‌కి (ల్యాబ్‌లో పెంచే ఒక రకం కణాలకి) సార్‌ని ఒప్పించగలను.

అర్ధరాత్రి_పీసీఆర్

ఎల్‌-132లో ఊపిరితిత్తి ఎంతుందంటే నేతి బీరకాయలో నెయ్యి ఉన్నంత. అది హీలా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణం. సెల్లోసారస్ అనే సెల్ లైన్ల సైట్‌లో ఎల్‌-132 అని కొట్టు, ప్రాబ్లమాటిక్ సెల్ లైన్ అని అక్కడే రాసి ఉంటుంది. సెల్ లైన్లు అసలైనవో కాదో చూసే ఐసీఎల్‌ఏసీ కమిటీ వాళ్ల తప్పుడు లైన్ల జాబితాలోనూ ఉంది. పేపర్లు బోలెడు ఉన్నాయంటే, వాటిలో హీలాని నార్మల్ అని రాసిన పేపర్లు బోలెడు ఉన్నాయని అర్థం.

మిగతాది హుడ్‌ముందు_అక్క వచ్చి చెప్తుంది. నాకు రేపు పొద్దున ల్యాబ్ మీటింగ్.

హుడ్‌ముందు_అక్క

తెనాలి అమ్మాయీ, పై తమ్ముడు కాస్త పెడసరంగా చెప్పాడు గానీ చెప్పింది నిజమే.

హైదరాబాద్‌లో ఒక సంస్థలో సెల్ కల్చర్ రూమ్ బాధ్యత నాది. చాలా ఏళ్లుగా ఇదే పని. బయటి నుంచి ఏ వయల్ వచ్చినా మూత మీద రాసింది నమ్మను. విడిగా ఉన్న ఇంక్యుబేటర్‌లో పెట్టి, మైకోప్లాస్మా (కల్చర్లలో దాక్కునే చిన్న బ్యాక్టీరియా) టెస్ట్, ఎస్‌టీఆర్ (కణాల డీఎన్‌ఏ వేలిముద్ర) రిపోర్ట్ వచ్చాకే లోపలికి రానిస్తాను. అందుకని మా కుర్రాళ్లకి నా మీద కోపం. ఉండనీ.

ముందు ఎల్‌-132. హీలా అంటే 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెటా లాక్స్ అనే ఆమె గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి, ఆమెకి చెప్పకుండా తీసిన కణాలు. వాటి పెరుగుదల ఎంత ఉధృతమంటే, పక్క సీసా మీడియాలో నాలుగు కణాలు పడినా చాలు, కొన్ని పాసేజ్‌ల (కణాలని కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చడాల) తర్వాత ఆ ఫ్లాస్క్‌లో అసలు కణాలు మిగలవు. పేరు మాత్రం పాతదే ఉంటుంది. 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ అనే జన్యుశాస్త్రవేత్త రకరకాల అవయవాల పేర్లతో చలామణీ అవుతున్న 18 లైన్లలో ఒకే రకం జీ6పీడీ ఎంజైమ్ ఉందని, అది హీలాలో ఉండే రకమేనని చూపించాడు. అప్పట్లో చాలామందికి అది మింగుడుపడలేదు. ఎల్‌-132 కూడా ఆ తరందే. పిండం ఊపిరితిత్తుల నుంచి తీసినదని పేరు, లోపల ఉన్నది హీలా.

నా మాట కూడా నమ్మకు, నువ్వే చూసుకో. హీలా క్రోమోజోముల్లో హెచ్‌పీవీ-18 వైరస్ డీఎన్‌ఏ అతుక్కుపోయి ఉంటుంది. మీ డిపార్ట్‌మెంట్‌లో పీసీఆర్ మెషిన్ ఉంటుందిగా, హెచ్‌పీవీ-18 ఈ6 ప్రైమర్లు (ఆ వైరస్ జన్యువుని పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) తెప్పించు. కొత్త సెల్ లైన్ ఖరీదుతో పోలిస్తే అదేం ఖర్చు కాదు. ఒక లేన్‌లో ఎల్‌-132, ఒక దాంట్లో ఏ549, ఒక దాంట్లో నీళ్లు. ఎల్‌-132లో బ్యాండ్ వచ్చి మిగతా రెండిట్లో రాకపోతే ఆ జెల్ ఫోటో తీసుకెళ్లి సార్ ముందు పెట్టు. మాటలతో ఒప్పించాల్సిన పని ఉండదు.

థీసిస్‌లోకి మాత్రం ఎస్‌టీఆర్ కావాల్సిందే. ఏ549ని కూడా పంపు. డీఎన్‌ఏలో టీహెచ్‌01 అనే చోట రిపీట్ల సంఖ్య ఏ549కి 8, 9.3 వస్తాయి, హీలాకి 7 ఒక్కటే. ఆడా మగా చెప్పే అమెలోజెనిన్ జన్యువు దగ్గర ఏ549కి ఎక్స్, వై రెండూ ఉంటాయి, ఆ కణాలు ఒక మగమనిషివి కాబట్టి. హీలాకి ఎక్స్ మాత్రమే. పాత కల్చర్లలో వై పోవడం ఉంటుంది, అదొక్కటి చూసి కంగారు పడకు. మొత్తం మీద 80 శాతం, ఆపైన కలిస్తే ఒకే మనిషి కణాలని లెక్క.

ఇక జెఫిటినిబ్. నీ మందు శుభ్రంగా ఉంది. నువ్వు ఎంచుకున్న కణానికి ఆ మందుతో పనిలేదు, అంతే.

ఏ549 అంటే "లంగ్ క్యాన్సర్" అనే ఒక సామాన్య పదార్థం అన్నట్టు అందరూ వాడేస్తారు. అది ఒక మనిషి కణితి. 58 ఏళ్ల శ్వేతజాతీయుడి ఊపిరితిత్తి కణితి ముక్క నుంచి 1972లో గియార్డ్, ఆయన సహచరులు పెంచిన లైన్. 1976లో దీనికి ఆల్వియోలార్ టైప్-2 కణాల పోలికలు ఉన్నాయని పేపర్ వచ్చాక దీని గిరాకీ పెరిగింది. ఆ మనిషి కణితిలో ఏ మార్పులు ఉన్నాయో నీ ఫ్లాస్క్‌లోనూ అవే ఉన్నాయి. పెరుగుదల సిగ్నల్ మోసే కేరాస్ జన్యువులో 12వ స్థానంలో గ్లైసిన్ పోయి సెరిన్ వచ్చింది, జీ12ఎస్ అంటాం. ఈజీఎఫ్‌ఆర్ (పెరగమనే సిగ్నల్‌ని కణం పైన అందుకునే ప్రోటీన్) మాత్రం మామూలుగానే ఉంది.

జెఫిటినిబ్ ఆపేది ఈజీఎఫ్‌ఆర్‌ని. ఏ549లో నువ్వు ఈజీఎఫ్‌ఆర్‌ని ఎంత ఆపినా, దాని కింద ఉన్న కేరాస్ పైనుంచి ఆర్డర్ లేకుండానే సిగ్నల్ పంపుతూ ఉంటుంది. అందుకే పది మైక్రోమోలార్ దరిదాపులకి వెళ్తే గానీ కణాలు కదలవు, అప్పుడు కూడా అది మందు అసలు పని కాదు, విషప్రభావం. ఈజీఎఫ్‌ఆర్‌లో మ్యుటేషన్ ఉన్న కణితులే ఈ మందుకి లొంగుతాయని 2004లో బోస్టన్, న్యూయార్క్ బృందాలు తేల్చాయి. పీసీ-9, హెచ్‌సీసీ827 అనే లైన్లలో ఈజీఎఫ్‌ఆర్ 19వ ఎక్సాన్‌లో చిన్న ముక్క ఎగిరిపోయి ఉంటుంది. వాటి మీద ఇదే జెఫిటినిబ్ నానోమోలార్లలోనే పనిచేస్తుంది. ఎన్‌సీఐ-హెచ్1975లో ఎల్858ఆర్ మార్పుతో పాటు మందుని అడ్డుకునే టీ790ఎమ్ మార్పు కూడా ఉంది కాబట్టి అక్కడ జెఫిటినిబ్ తేలిపోతుంది, ఒసిమెర్టినిబ్ అనే తర్వాతి తరం మందు కావాలి. ఆసుపత్రిలో ముందు మ్యుటేషన్ రిపోర్ట్ చూసి ఆ తర్వాత మాత్ర రాస్తారు. మనం ల్యాబ్‌లో రిపోర్ట్ చూడకుండానే మాత్ర వేస్తున్నాం.

ఎవరైనా తెలివిగా "కేరాస్ మ్యుటేషన్ ఉందిగా, సొటొరాసిబ్ పెట్టు" అంటారు. పెట్టకు. 2021లో అనుమతి వచ్చిన ఆ మందు జీ12సీకి మాత్రమే. 12వ స్థానంలో సిస్టీన్ ఉంటే దాన్ని పట్టుకుంటుంది, ఏ549లో ఉన్నది సెరిన్. ఆ మందు పెట్టాలంటే జీ12సీ ఉన్న హెచ్358 లైన్ కావాలి.

"ఎక్స్‌ట్రాక్ట్ జెఫిటినిబ్ కన్నా మెరుగు" అన్న వాక్యం మాత్రం దయచేసి రాయొద్దు. పనిచేయని చోట మందుని నిలబెట్టి దాని మీద గెలిచామనడం ఒకటి. రెండోది, యూనిట్లు చూడు. జెఫిటినిబ్ మాలిక్యులర్ వెయిట్ 447 దాకా ఉంటుంది. 1 మైక్రోమోలార్ అంటే మి.లీ.కి 0.45 మైక్రోగ్రాములు. నీ ఎక్స్‌ట్రాక్ట్ డోస్ నువ్వు రాయలేదు గానీ వందల మైక్రోగ్రాముల్లో ఉంటుందని నా అనుమానం. ఎక్స్-యాక్సిస్ మీద ఈ రెండూ పక్కపక్కన కూర్చుంటే చూసేవాళ్లకి తేడా తెలియదు.

పాజిటివ్ కంట్రోల్‌గా సిస్ప్లాటిన్ గానీ డాక్సోరూబిసిన్ గానీ పెట్టుకో. సిస్ప్లాటిన్‌ని డీఎమ్‌ఎస్‌ఓ అనే ద్రావకంలో కలపకు, ఎంతమంది కలుపుతారో చెప్పలేను. డీఎమ్‌ఎస్‌ఓ ప్లాటినమ్‌కి అతుక్కుని మందుని చెడగొడుతుంది. 0.9 శాతం సెలైన్‌లో, అప్పటికప్పుడు కలుపుకో.

పై డోస్‌లో వయబిలిటీ పెరగడం గురించి. అది కణాలు కోలుకోవడం కాదు, ఎంటీటీ మోసం. పసుపు ఎంటీటీని ఊదా ఫార్మజాన్‌గా మార్చేది బతికున్న కణమే అని మనం అనుకుంటాం. కానీ ఆకు పసర్లలో ఉండే ఫినాల్స్ కూడా కణం లేకుండానే ఆ పని చేసేస్తాయి. పైగా నీ ఎక్స్‌ట్రాక్ట్ ముదురు ఆకుపచ్చ, రంగు రీడింగ్‌కి అడ్డం వస్తుంది. ఒక ప్లేట్ తీసుకుని కణాలు లేకుండా మీడియా, ఎక్స్‌ట్రాక్ట్, ఎంటీటీ వేసి అదే టైమ్ ఇంక్యుబేట్ చేయి. ఊదా రంగు వచ్చిందంటే దొంగ దొరికినట్టే. అసలు ప్రయోగంలో ఎంటీటీ వేసే ముందు ఎక్స్‌ట్రాక్ట్ మీడియా తీసేసి పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో కడుగు. ఆ పైన చచ్చిన కణాలకే పట్టే ట్రైపాన్ బ్లూ రంగుతో లెక్కపెట్టు, లేదా కణాలు ఎన్ని గుంపులు కడతాయో చూసే కాలనీ అస్సే చెయ్యి. ఏ549 కాలనీలు చక్కగా కడుతుంది, క్రిస్టల్ వయొలెట్ వేస్తే కంటికే కనిపిస్తాయి.

నీ ప్లాన్‌లో డీసీఎఫ్‌డీఏ రంగుతో ఆర్‌ఓఎస్ (కణాన్ని దెబ్బతీసే ఆక్సిజన్ పదార్థాలు) కొలవడం కూడా ఉండే ఉంటుంది, ఆకు పేపర్లన్నిట్లోనూ ఉంటుంది కదా. ఏ549లో కీప్1 జన్యువు దెబ్బతిని ఉంది కాబట్టి రక్షణ జన్యువులని నడిపే ఎన్‌ఆర్‌ఎఫ్2 ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, అంటే ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ని తట్టుకునే సరంజామా ముందే సిద్ధం. ఎల్‌కేబీ1 కూడా లేదు, అది ఆన్ చేసే ఏఎమ్‌పీకే (కణం శక్తిని చూసుకునే ఎంజైమ్) కథ అల్లాలంటే అక్కడా చిక్కే. కణితిని అడ్డుకునే పీ53 ప్రోటీన్ మాత్రం బాగానే ఉంది. పీ53 కథ చెప్పాలనుకుంటే పక్కన హెచ్1299 అనే లంగ్ క్యాన్సర్ లైన్ పెట్టు, దాంట్లో పీ53 అసలు లేదు. ఎవరి బ్లాట్‌లో (ప్రోటీన్లని బ్యాండ్లుగా చూపే పరీక్షలో) అయినా హెచ్1299 లేన్‌లో 53 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ కనిపిస్తే వాళ్ల యాంటీబాడీనో కణాలనో అనుమానించు.

చివరగా నార్మల్ కణం. నువ్వు అనుకుంటున్న నార్మల్ దొరకదు, అది ముందే చెప్తున్నా. అందరూ చెప్పేది బీఈఏఎస్‌-2బీ. శ్వాసనాళపు ఎపిథీలియల్ కణాలే, కానీ ఆడినోవైరస్-12, ఎస్‌వీ40 కలిపిన హైబ్రిడ్ వైరస్‌తో అమరం చేసినవి. ఎస్‌వీ40 టీ యాంటిజెన్ పీ53ని పట్టేసుకుంటుంది, ఇక నార్మల్ ఎక్కడ? పైగా వాటికి సీరమ్ పడదు. ఎఫ్‌బీఎస్ (దూడ పిండం సీరమ్) పోస్తే స్క్వామస్ వైపు మళ్లుతాయి. వాటి సీరమ్ లేని మీడియా ఖరీదు చూస్తే సార్ కళ్లు తిరుగుతాయి. ఎమ్‌ఆర్‌సీ-5 అయితే 1966లో 14 వారాల పిండం ఊపిరితిత్తి నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్ట్‌లు. క్యాన్సర్ కావు, అమరం చేసినవీ కావు, 40కి పైగా డబ్లింగ్‌ల తర్వాత ఆగిపోతాయి. మామూలు మీడియాలో పెరుగుతాయి. కానీ ఫైబ్రోబ్లాస్ట్‌ని ఎపిథీలియల్ క్యాన్సర్‌తో పోలుస్తున్నావని ఒప్పుకుని రాయాలి. నీ బడ్జెట్‌కి నేనైతే ఎమ్‌ఆర్‌సీ-5 కొని, ఆ వాక్యం ధైర్యంగా రాస్తాను. పుణెలోని ఎన్‌సీసీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్) రిపాజిటరీలో ఇప్పుడు ఏమేం ఇస్తున్నారో ముందు కనుక్కో.

మైకోప్లాస్మా టెస్ట్ చేయించారా? మీడియా మసకబారదు కాబట్టి కంటికి తెలియదు. సెల్ వాల్ ఉండదు కాబట్టి మీరు పోసే పెనిసిలిన్‌కి చావదు. ఎంటీటీ రీడింగ్‌లని కూడా తారుమారు చేస్తుంది. పక్క డిపార్ట్‌మెంట్ వయల్ అన్నావు కాబట్టి అడుగుతున్నా.

తెనాలి_ఫ్లాస్క్

అక్కా, చాలా థ్యాంక్స్. ఎక్స్‌ట్రాక్ట్ డోస్ మి.లీ.కి 200 మైక్రోగ్రాముల దాకా వెళ్లాను, మీరు అన్నట్టే. కణాలు లేని ప్లేట్ ఈరోజు పెట్టాను. కింది డోస్‌ల్లో ఏమీ లేదు, 100 దగ్గర లేత ఊదా, 200 దగ్గర బాగా ముదురు ఊదా! ప్లేట్ చూసి మా జూనియర్ "అక్కా, కణాలు వేయడం మర్చిపోలేదుగా?" అంది. వేయకుండానే అంత రంగు వచ్చింది మరి.

మైకోప్లాస్మా టెస్ట్ ఎప్పుడూ చేయలేదు. హెచ్‌పీవీ ప్రైమర్లు ఆర్డర్ పెట్టాను. సార్‌కి ఇంకా చెప్పలేదు.

ఒక సందేహం. హెచ్1299, హెచ్460, హెచ్1975 అని ఈ హెచ్ నంబర్లన్నీ ఒకే చోటివా? ఇన్ని ఉండగా అందరం ఏ549నే ఎందుకు వాడుతున్నాం?

డాలస్_బావ

హెచ్ నంబర్ల మాట వచ్చింది కాబట్టి నేను దూరతాను. ఇక్కడ టెక్సస్‌లో లంగ్ క్యాన్సర్ పనిచేసే ల్యాబ్‌లోనే ఉన్నాను.

అవును, ఒకే బృందానివి. ఆది గజ్దర్, జాన్ మిన్నా అని ఇద్దరు. మొదట వాషింగ్టన్ పక్కన బెథెస్డాలో, నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తరఫున నేవీ ఆసుపత్రిలో ఉండేవాళ్లు. అక్కడ పెంచినవి ఎన్‌సీఐ-హెచ్ నంబర్లు. తర్వాత ఇద్దరూ డాలస్‌లోని యూటీ సౌత్‌వెస్టర్న్‌కి వచ్చారు. ఇక్కడ పెంచినవి హెచ్‌సీసీ నంబర్లు, అక్క చెప్పిన హెచ్‌సీసీ827 ఆ కోవలోదే. గజ్దర్ గారు 2018లో పోయారు. అడిగిన ల్యాబ్‌లకల్లా ఈ లైన్లు పంచారు, అందుకే ఎక్కడ చూసినా ఇవే.

చాలా లైన్లు కణితి నుంచి నేరుగా తీసినవి కావు. హెచ్460 లాంటివి రోగి ఛాతీలో చేరిన నీరు తీసినప్పుడు అందులో తేలే కణాల నుంచి వచ్చాయి, హెచ్1299 లింఫ్ నోడ్ నుంచి. హెచ్1975 ఇచ్చినామె పొగతాగని మనిషి. స్మాల్ సెల్ క్యాన్సర్ కణాలైతే ఇంకా మొండివి, మామూలు సీరమ్ మీడియాలో అంత తేలిగ్గా రావు. హైడ్రోకార్టిజోన్, ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెరిన్, ఈస్ట్రడయాల్, సెలీనియమ్ కలిపి హైటెస్ అనే మీడియా కట్టాక దారికొచ్చాయి. హెచ్69ని ఎప్పుడైనా పెంచితే చూడు, ఫ్లాస్క్‌కి అంటుకోదు, గుంపులు గుంపులుగా తేలుతూ ఉంటుంది. కొత్త స్టూడెంట్లు చచ్చిన కణాలనుకుని పారబోస్తారు!

ఏ549 ఎందుకంటే, అది చావదు కాబట్టి. ఇరవై రెండు గంటలకోసారి రెట్టింపవుతుంది, ఏ మీడియా పోసినా పెరుగుతుంది. ఎఫ్-12కే పోయమని పుస్తకం, సగం ప్రపంచం డీఎమ్‌ఈఎమ్ పోస్తుంది. కోవిడ్ అప్పుడు ఈ అలవాటు దెబ్బకొట్టింది. ఏ549లో ఏసీఈ2 (కోవిడ్ వైరస్ కణంలోకి దూరడానికి పట్టుకునే ప్రోటీన్) బాగా తక్కువ, వైరస్ సరిగా ఎక్కలేదు. ఏసీఈ2 జన్యువు చొప్పించిన ఏ549 చేసుకున్నారు, లేదంటే కాలు-3 అనే ఇంకో ఊపిరితిత్తి క్యాన్సర్ లైన్‌కి మారారు.

నేను పీసీ-9 వాడతాను, దాని సంగతీ చెప్తా. పీసీ-14 అనే పేరుతో చాలా ల్యాబ్‌ల్లో తిరిగింది నిజానికి పీసీ-9 అని తేలింది. కాబట్టి మందుకి లొంగిన పీసీ-14 పేపర్ ఏదైనా కనిపిస్తే జాగ్రత్త.

తెనాలి_ఫ్లాస్క్

అప్‌డేట్ పెడుతున్నాను. జెల్ వచ్చింది. ఎల్‌-132 లేన్‌లో హెచ్‌పీవీ-18 బ్యాండ్ దిట్టంగా ఉంది, ఏ549లో లేదు, నీళ్లలో లేదు. ఎస్‌టీఆర్ రిపోర్ట్‌లో ఎల్‌-132కి టీహెచ్‌01 దగ్గర 7 ఒక్కటే. ఏ549 మాత్రం ఏ549నే, వై కూడా ఉంది. మైకోప్లాస్మా ఏ549లో లేదు, ఎల్‌-132లో ఉంది.

సార్ జెల్ చాలాసేపు చూశారు. తర్వాత "సెలెక్టివిటీ టేబుల్ తీసెయ్" అన్నారు. జెఫిటినిబ్ ఉన్న ఫిగర్ గురించి మాత్రం ఇంకా తెగలేదు. అది పాజిటివ్ కంట్రోల్ అనకుండా, ఈజీఎఫ్‌ఆర్ మామూలుగా ఉన్న లైన్‌లో ఆశించినట్టే పనిచేయలేదు అని సప్లిమెంటరీలో పెడదామా అని అడిగాను. ఆలోచిస్తామన్నారు. ఎమ్‌ఆర్‌సీ-5కి సంతకం పెట్టారు.

ఎల్‌-132 డేటా పూర్తిగా పారేయాలా అక్కా? చాలా కష్టపడ్డాను దాని మీద.

హుడ్‌ముందు_అక్క

సంతకం పడిందంటే సగం పని అయినట్టే.

ఎల్‌-132లో మైకోప్లాస్మా లేకపోయి ఉంటే, దాన్ని హీలా అని సరైన పేరుతో రాసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ లైన్ కింద వాడుకోమనేదాన్ని. ఇప్పుడు ఆ దారి కూడా లేదు. ఆ ఫిగర్లు పక్కన పెట్టు. ఎస్‌టీఆర్ రిపోర్ట్, జెల్ మాత్రం థీసిస్ అపెండిక్స్‌లో పెట్టు. ఆ ఎక్స్‌పర్ట్ మేడమే వైవాకి వస్తే మొదట అదే తిప్పి చూస్తుంది. జెఫిటినిబ్ గురించి నువ్వు అన్న వాక్యం బాగుంది, సార్‌ని వదలకు.

వెంటనే చేయాల్సినవి ఉన్నాయి. ఎల్‌-132 ఫ్లాస్కులన్నీ బ్లీచ్ పోసి ఆటోక్లేవ్ చేయి. అదే ఇంక్యుబేటర్‌లో ఏ549 కూడా ఉందంటే, ఇంక్యుబేటర్ నీళ్ల ట్రే తీసి కడిగి, రెండు వారాలాగి ఏ549ని మళ్లీ మైకోప్లాస్మాకి టెస్ట్ చేయించు. ఈలోపు ఇప్పుడు శుభ్రంగా తేలిన ఏ549ని 10 శాతం డీఎమ్‌ఎస్‌ఓలో నాలుగైదు వయల్స్ ఫ్రీజ్ చేసుకో. పాసేజ్ నంబర్, తేదీ, ఎస్‌టీఆర్ రిపోర్ట్ నంబర్ లేబుల్ మీద ఉండాలి. మామూలు మార్కర్‌తో రాయకు, లిక్విడ్ నైట్రోజన్‌లోంచి తీసి ఆల్కహాల్‌తో తుడవగానే చెరిగిపోతుంది.

ఆ వయల్ ఇచ్చిన పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లకి కూడా జెల్ ఫోటో పంపు. మూలం వాళ్ల ట్యాంక్‌లోనే ఉంది, ఇంకెవరికి ఇచ్చారో వాళ్లకే తెలియాలి.